సారా ఉద్యమం పెద్దమ్మలూ, డిగ్రీ పిల్లలూ: మా పనిలో అపోహలు - వాస్తవాలు

కందుకూరు వైపు ఆడవాళ్ల సంఘంలో పదహారేళ్ల నుంచి పని చేస్తున్నా. (2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు కేసుల ఫైళ్లు సగం ఒంగోల్లో, సగం నెల్లూర్లో ఉండి తిరిగిన తిరుగుడు ఉంది చూడండి, అది వేరే గోల.) ఈ మధ్య డిగ్రీ పిల్లలు వస్తున్నారు, జెండర్ మీద పని నేర్చుకోవాలక్కా అని. మంచిదే. వాళ్లని మా పెద్దమ్మ పక్కన కూర్చోబెడతా. సొంత పెద్దమ్మ కాదు, సారా ఉద్యమం రోజుల్నుంచి ఉన్న మనిషి, డెబ్బై దాటాయి, ఊరంతా అట్టానే పిలుస్తారు. పిల్లలు కొన్ని అనుకుని వస్తారు, ఆమె కొన్ని అనుకుని ఉంటుంది, మధ్యలో నేను. ప్రతిసారీ చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే రాసిపెడుతున్నా.

అపోహ: నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకి ఒకరోజు కోపమొచ్చింది, చీపుర్లు పట్టుకుపోయి సారా కొట్టు మూయించారు, ఉద్యమం గెలిచింది.

వాస్తవం: ప్రతి మార్చి 8కి ఎవరో ఒకరు ఈ స్టేటస్ పెడతారు. కోపం ఎప్పట్నుంచో ఉండేదబ్బా, కొత్తగా వచ్చింది రాత్రి బడి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది, కూలికి పోయొచ్చి, సంగటి కెలికి, పిల్లల్ని పడుకోబెట్టి అప్పుడొచ్చి పలకలు పట్టుకునేవాళ్లు. నేర్చుకునేది అక్షరాలే గానీ మాటలు పోయేది ఇంటి సంగతుల్లోకే. "నన్నొక్కదాన్నే కొడతాడనుకున్నా, ఆడ కూర్చున్నాక తెలిసింది వీధి వీధంతా ఇదే కథని" అంటుంది పెద్దమ్మ. దూబగుంటలో ముందు నిలబడ్డ రోశమ్మ, వాళ్ల ఊరి కథే తర్వాత రాత్రి బడి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకి పోయింది, 1992లో సారా వేలం పాటలు జరగనీకుండా అడ్డం కూర్చున్నారు, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. ఇంతవరకే అందరికీ తెలుసు. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు, ఈ ముక్క స్టేటస్‌లో ఉండదు. నేను పిల్లల్ని పెద్దమ్మ దగ్గర కూర్చోబెట్టేది ముఖ్యంగా ఈ ముక్క కోసమే. గెలిచిన రోజు ఎట్టుందని కాదు, గెలిచింది చేతిలోంచి జారిపోయాక పొద్దున లేచి ఏం చేశారని అడగమంటా. వాళ్లు చేసిందేందంటే, సారా బంద్ అయినప్పట్నుంచి దాచుకుంటున్న రోజుకో రూపాయిని వదల్లేదు. పొదుపులక్ష్మి అనే ఆడవాళ్ల పొదుపు సంఘాలు ఆ రూపాయితో మొదలైనవే, సారా మానేస్తే మిగిలిన రూపాయే అది. ఈరోజు మీ అమ్మ డ్వాక్రా లోన్ అంటుందే, దాని వెనకాల ఈ రూపాయి ఉండాది.

అపోహ: ఫెమినిజం సిటీ వాళ్ల సరుకు, మన వైపుకి ఫోన్లలో వచ్చింది.

వాస్తవం: నెల్లూర్లో కస్తూరిదేవి విద్యాలయం ముందు నుంచి ఆటోలో ఎన్నిసార్లు పోయుంటారు? పొణకా కనకమ్మ గారు ఆడపిల్లల కోసం 1923లో పెట్టింది. అప్పటికి ఫోను కాదు కదా, మన ఊళ్లకి కరెంటే లేదు.

అపోహ: ఆడమనిషి ఏడుస్తూ వచ్చిందంటే ముందు ఆ ఇంట్లోంచి బయటికి తెచ్చెయ్యాలి.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశా, కొత్తలో. పొగాకు గ్రేడింగ్‌కి పోయే ఒకామె, ముప్ఫై ఉండవు, మెడ మీద వాత, సాయంత్రం సంఘానికొచ్చింది. నేను వేడి వేడిగా లా పుస్తకం చదివున్నా, "నువ్వు ఆ ఇంట్లో ఒక్క నిమిషం ఉండొద్దు" అని ఆ రాత్రికే పుట్టింటి బస్సు ఎక్కించా. పెద్దమ్మ మర్నాడు వచ్చి ఒకటే అడిగింది, "బిడ్డ ఆధార్ యాడుంది?" ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు బుక్కు, పిల్లోడి స్కూలు కాయితాలు, అన్నీ ఆ ఇంట్లో బీరువాలోనే. తాళం అత్త దగ్గర. అవి బయటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ పిల్లోడు బడికి పోలా.

గృహహింస చట్టం (2005లో వచ్చింది, 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది) ఏం చెప్తుందంటే, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది, ఆ ఇల్లు ఎవరి పేరు మీదున్నా సరే, అవసరమైతే జడ్జి గారు మొగుణ్నే బయటుండమని ఆర్డర్ ఇవ్వొచ్చు. చదివిన నాకు ఆ ముక్క గుర్తు రాలా, చదవని పెద్దమ్మకి ఆ పని తెలుసు. ప్రాణం మీదకొస్తే ఆలోచించేదేం లేదు, 112 (పోలీసు) కొట్టు, 181 (ఆడవాళ్ల హెల్ప్‌లైన్) కొట్టు, రాత్రికి సఖి సెంటర్లో (ఇట్టాంటి ఆడవాళ్లకి సర్కారు పెట్టిన చోటు) పెట్టు. అంత లేనప్పుడు పెద్దమ్మ ముందు మంచినీళ్లిస్తుంది, తిన్నావా అంటుంది, వచ్చినామె మాట్లాడేదాకా తను వక్కాకు నములుతూ కూర్చుంటుంది, ఆఖర్న కాయితాల సంగతి అడుగుతుంది. ఫోటోస్టాట్లు తీసి నమ్మకమైన పక్కింట్లో ఒక కవర్లో పెట్టుకోమంటుంది. మొన్న ఒక పాప ఇట్టా కేసొస్తే వాయిస్ రికార్డ్ ఆన్ చేసి ఫోను టేబుల్ మీద పెట్టింది, చెప్పను కూడా చెప్పలా. ఆ వచ్చినామె ఫోను వైపు చూసి "ఏం లేదులే అమ్మా, ఊరికే వచ్చా" అని లేచి పోయింది. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరికే కూర్చోవాలో నేర్పడానికి ఏ ట్రైనింగూ లేదు, పక్కన కూర్చుని చూడాల్సిందే.

అపోహ: గృహహింస కేసు పెడితే మొగుడు జైలుకి పోతాడు, అందుకే పెద్దోళ్లు రాజీ అంటారు.

వాస్తవం: రెండూ తప్పే. ఈ చట్టం కింద అడిగేది కొట్టకుండా ఆర్డర్, ఇంట్లో చోటు, నెలకింత ఖర్చు, పిల్లల కస్టడీ. ఇచ్చిన ఆర్డర్ మీరితే అప్పుడు నేరం. జైలు కేసు వేరే, మొగుడో అత్తింటివాళ్లో క్రూరంగా చూస్తే పెట్టే పాత ఐపీసీ 498ఏ, 2024 జులై నుంచి అది కొత్త న్యాయసంహితలో 85వ సెక్షన్. ఈ తేడా చెప్తే సగం మంది ఆడవాళ్లు "అట్టయితే పెడతా" అంటారు, ఎందుకంటే వాళ్లకి కావాల్సింది మొగుడు జైల్లో ఉండటం కాదు, దెబ్బ ఆగటం. ఇక రాజీ అంటే, పెద్దమ్మ కూడా పంచాయితీ చేస్తుంది, దాచేదేం లేదు, కానీ నోటిమాట మీద వదలదు, ఏం ఒప్పుకున్నాడో తెల్లకాయితం మీద రాయించి ఇద్దరి సంతకాలూ పెట్టిస్తుంది, రేపు కోర్టుకి పోతే పనికొస్తుందని. కొన్ని విషయాల్లో మాత్రం ఆమెతో నాకు పడదు. పిల్లల మొహం చూసి సర్దుకో అన్న మాట ఆమె నోట్లోంచి నేను విన్నా, ఒకసారి కాదు.

అపోహ: ఆడపిల్లకి ఆస్తి వాటా 2005లో వచ్చింది.

వాస్తవం: దేశానికి 2005. మనకి ముందే, ఎన్టీఆర్ హయాంలో 1986 చట్టంతో, కాకపోతే 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని వాళ్లకే. 2005 సెప్టెంబర్ 9 నుంచి పెళ్లయిన కూతుళ్లకీ, ఆ తేదీకి తండ్రి బతికుండకపోయినా వాటా ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా హిందూ ఉమ్మడి ఆస్తికి. కట్నం ఇచ్చేశాం కదా అనేది జవాబు కాదు, కట్నం ఇవ్వడం 1961 నుంచే నేరం. అసలు ఆస్తి పోయేది కోర్టులో కాదు, రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో. అన్న వచ్చి "ఊరికే ఒక సంతకం మ్మే" అంటాడు, చీర పెడతాడు, అది హక్కు విడుదల దస్తావేజు, అంటే నా వాటా వదులుకుంటున్నా అని రాసిచ్చే కాయితం. పెద్దమ్మ ఒకే మాట నేర్పింది, "చదివించుకుని రేపు పెడతా అన్నా" అనమని. గొడవుండదు, ఒక రోజు దొరుకుతుంది.

అపోహ: రొయ్యల కంపెనీల్లో, ఇళ్లల్లో పనిచేసే వాళ్లకి లైంగిక వేధింపుల కమిటీ వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది. 2013 చట్టం. పదిమందీ, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట లోపలే కమిటీ ఉండాలి, అంతకన్నా తక్కువైతే జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు కూడా అక్కడికే. మూడు నెలల్లోపు రాసివ్వాలి, సరైన కారణముంటే ఇంకో మూడు. ఇది పెద్దమ్మకి తెలీదు, డిగ్రీ పిల్లే చెప్పింది. ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే 1930కి (సైబర్ నేరాల నంబరు) కొట్టాలని, మెసేజ్‌లు డిలీట్ చెయ్యకూడదని చెప్పిందీ ఆ పిల్లే. అంతకుముందు మేం "తీసెయ్ తల్లీ ఆ పాడు బొమ్మలు" అని దగ్గరుండి తీయించేవాళ్లం. ఎన్ని సాక్ష్యాలు అట్టా పోయాయో.

అపోహ: సీనియర్లని ప్రశ్నిస్తే అగౌరవం.

వాస్తవం: పోయినేడు చేరిన పాప, దళితుల కాలనీ పిల్ల, నెల రోజులు నోరు తెరవలా, ఒకరోజు మీటింగ్ అయ్యాక అడిగింది, "పెద్దమ్మా, మన మీటింగ్ ఎప్పుడూ రామాలయం అరుగు మీదే ఎందుకు పెడతారు?" అక్కడ ఫ్యాన్ ఉంది, లైటు ఉంది, అందరికీ దగ్గర అని నేను అందుకున్నా. "అందరికీ అంటే ఎవరికక్కా" అంది. నాకు మాట రాలా. మా రిజిస్టర్ తీసి చూస్తే కాలనీ నుంచి ఆరేళ్లలో సంతకాలు పెట్టింది ఇద్దరే. పెద్దమ్మకి కోపమొచ్చింది, సారా రోజుల్లో అందరం కలిసే కూర్చున్నాం, కులం ఎవరడిగారు అని రెండు రోజులు ఆ పాపతో మాట్లాడలా. మూడో రోజు తనే "ఈ నెల మీ సందులో పెడదాం, చాపలున్నాయా" అంది.

పెట్టాం. కాలనీ నుంచి పద్నాలుగు మంది వచ్చారు, అందులో ముగ్గురి గొడవలు మేం ఎన్నడూ విననివి. ఊళ్లోంచి రోజూ వచ్చే వాళ్లలో సగం మంది రాలా, ఒకామెకి మోకాళ్లట, ఇంకొకామెకి చుట్టాలట. ఇప్పుడు పెద్దమ్మ, ఆ పాప ఇద్దరూ కలిసి ఆ రానివాళ్ల ఇళ్లకి పొద్దునపూట తిరుగుతున్నారు.