కర్రతో ఎన్ని పనులు చేయొచ్చు? పర్లాకిమిడి పరీక్ష గొడవ వెనక కథ

ఒడిశాలోని పర్లాకిమిడిలో రెండేళ్ళ కిందట సద్దుమణిగిన గొడవ ఈ వారం మళ్ళీ లేచింది. ఒక ప్రైవేటు స్కూలు ఆరో తరగతి స్పెషల్ సెక్షన్‌కి పిల్లల్ని ఎంచుకోవడానికి క్రియేటివిటీ టెస్ట్ పెడుతోంది, జవాబులు ఇంగ్లీషులో రాయాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి ఈసారి కూడా తక్కువ మార్కులే వచ్చాయి. మా పిల్లలకి ఊహ లేదంటారా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు, స్కూలుకి అర్జీ కూడా పెట్టారు. భాషకి మార్కులు లేవు, స్పెల్లింగ్ తప్పినా కొట్టెయ్యం, చూసేది ఆలోచన ఒక్కటే అని స్కూలు అంటోంది.

ఈ పరీక్షల పుట్టుక బీఎడ్ చదివిన వాళ్ళందరికీ తెలుసు. 1950లో సృజనాత్మకత మీద అమెరికా మనస్తత్వవేత్త గిల్‌ఫర్డ్ ప్రసంగం, 1966లో దాన్ని కొలవడానికి టోరన్స్ పరీక్ష, ధారాళత (ఎన్ని ఆలోచనలు), నమ్యత (ఎన్ని రకాలు), మౌలికత (ఎంత అరుదైనవి) అనే మాటలు. మళ్ళీ చెప్పను. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సిన సంవత్సరం 1965.

ఆ ఏడు మైకేల్ వాలాక్, నేథన్ కోగన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 151 మంది అయిదో తరగతి పిల్లల మీద చేసిన పని పుస్తకంగా వచ్చింది. అప్పటి సృజనాత్మకత పరీక్షలతో ఒక చిక్కు ఉండేది. వాటి మార్కులు ఒకదానితో ఒకటి ఎంత కలిసేవో, మామూలు తెలివితేటల పరీక్ష మార్కులతోనూ దాదాపు అంతే కలిసేవి. అలాంటప్పుడు వీటితో కొత్తగా కొలిచిందేమిటి? వాలాక్, కోగన్‌లు ప్రశ్నలకంటే ముందు పరీక్ష గదినే అనుమానించారు. గడియారం తీసేశారు. పరీక్ష అన్న మాటే పిల్లల చెవిన పడనివ్వలేదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, గుండ్రంగా ఉండేవి ఏమేమున్నాయో చెప్పు, ఈ గీత చూస్తే నీకేం గుర్తొస్తోంది అని ఆటలా అడిగారు. పిల్లలు నోటితో చెప్పారు, పెద్దవాళ్ళు రాసుకున్నారు.

అలా చేసేసరికి లెక్క మారింది. రెండు కొలతలు పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0 అనుకుంటే, సృజన కొలతలు తమలో తాము సగటున 0.41 కలిశాయి. తెలివితేటల కొలతలతో 0.09 మాత్రమే. అంటే గడియారం పెట్టి, పరీక్ష టెన్షన్ పెట్టి కొలిచినప్పుడు ఊహతో పాటు ఇంకేదో కూడా ఆ మార్కుల్లో కలిసిపోతోంది. మన ఊళ్ళో ఆ ఇంకేదో పరాయి భాషలో రాసే వేగం అని నా నమ్మకం.

ఈ పరీక్షలకి బలం లేదని కాదు. టోరన్స్ 1958 నుంచి మిన్నెసోటా బడి పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించాడు. ఆ వివరాలను 1999లో ప్లకర్ అనే పరిశోధకుడు మళ్ళీ లెక్కగట్టి, చిన్నప్పటి మార్కులకీ పెద్దయ్యాక చేసిన సృజనాత్మక పనులకీ సంబంధం ఉందని చూపించాడు. స్కూలువాళ్ళు ఈ మాట చెబుతున్నారు, అది నిజమే.

మన దేశంలో 1973లో బాకర్ మెహదీ తయారుచేసిన పరీక్ష బాగా వాడుకలోకి వచ్చింది. బడికి చక్రాలుంటే ఏమవుతుంది, రాయినీ కర్రనీ నీళ్ళనీ కొత్తగా ఎలా వాడొచ్చు, చెట్టుకీ ఇంటికీ పోలికలేమిటి అని అడుగుతుంది. చక్కటి ప్రశ్నలు. హిందీలో, ఇంగ్లీషులో దొరుకుతుంది. మొత్తం 48 నిమిషాలు, ఒక్కో భాగానికి ఇంత అని టైము. మన స్కూలు పేపరు కూడా ఈ తరహాదే, రాయాల్సింది ఇంగ్లీషులో.

కర్ర ప్రశ్నే తీసుకోండి. ఒక పాప అయిదు నిమిషాల్లో పన్నెండు ఉపయోగాలు రాసింది, పక్క పిల్లాడు ఏడు రాశాడు. ఎన్ని రాశారన్నది ధారాళత. ఎన్ని రకాలవి రాశారన్నది నమ్యత. మిగతావాళ్ళకి తట్టనివి ఎన్ని అన్నది మౌలికత. ఎక్కువ రాసినవాళ్ళకి రకాలూ ఎక్కువే వస్తాయి, అరుదైనవీ ఎక్కువే తగులుతాయి. మూడు మార్కులు విడివిడిగా కనిపించినా, చెయ్యి నెమ్మదిస్తే మూడూ కలిసే పడిపోతాయి. పరిశోధకులు ఎప్పటినుంచో ఎత్తిచూపుతున్న లోపమిది. తల్లిదండ్రులు లెక్కలేవీ లేకుండానే ఇదే చెబుతున్నారు: మావాళ్ళు బేగి ఆలోచిస్తారు, బేగి రాయలేరు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పేపరు మీద ఇంగ్లీషు. ఆలోచన తెలుగులో తట్టి, మాట ఇంగ్లీషులో దొరికేలోపు టైము అయిపోతుంది.

పోలికలు పట్టడం మన పిల్లలకి కొత్త కూడా కాదు. తెల్లటి పొలం, నల్లటి విత్తనాలు, చేత్తో చల్లి నోటితో ఏరతారు, ఏమిటది అంటే మా ఇళ్ళల్లో ఆరేళ్ళ పిల్ల కూడా రాత అని చెబుతుంది. పొలానికీ కాగితానికీ పోలిక పట్టిన ఆ పిల్లని పరీక్ష గది చూడలేకపోతోంది.

ఇదే ఊళ్ళో 1880లో మాస్టారుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు ఇలాంటి ప్రశ్ననే ఎదుర్కొన్నారు. అప్పుడు తెలుగు పరాయి భాష అయింది కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకి. ఆయన వాళ్ళకి చదువు రాదనుకోలేదు. తాను సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఒడిశా ప్రభుత్వం 2006లో పది గిరిజన భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా విద్యలో సవర కూడా ఉంది. కొండ మీది పిల్లకి మొదటి తరగతిలో దొరుకుతున్న ఆ వెసులుబాటు పట్నంలో తెలుగు పిల్లకి ఈ పరీక్ష రోజున దొరకడం లేదు. కొండ దిగి ఈ స్కూల్లో చేరిన సవర పిల్లకీ దొరకడం లేదు. తల్లిదండ్రుల అర్జీలో ఆ పిల్లల మాట కూడా ఉండాల్సింది.

నూతన విద్యావిధానం 2020లో వచ్చాక, దేశదేశాల పదిహేనేళ్ళ పిల్లలకి పెట్టే పీసా పరీక్షలో 2022లో సృజనాత్మక ఆలోచనని కొలిచి 2024లో ఫలితాలిచ్చాక స్కూళ్ళకి ఈ క్రియేటివిటీ టెస్టుల ఊపు పెరిగింది. ఆ పీసాలో మన దేశం పాల్గొనలేదు. అయినా ప్రకటనల్లో ఆ మాట వాడుతున్నారు.

ఈ వారం అర్జీలో అడిగింది చిన్న కోరిక. మళ్ళీ పరీక్ష పెట్టండి, టైము పెట్టకండి, పిల్లలు ఏ భాషలో చెబితే ఆ భాషలో నోటితో చెప్పనివ్వండి, తెలుగు వచ్చిన టీచరు ఒకరు రాసుకుంటారు. 1965లో చేసిందీ దాదాపు ఇదే. ఒక్కొక్కరితో అలా కూర్చునేంత మంది టీచర్లు లేరని స్కూలు జవాబు.

ఒక పిల్లాడి జవాబు పేపరు నేను చూశాను. కర్ర ప్రశ్న కింద ఇంగ్లీషులో అయిదు ఉన్నాయి. ఆరోది, ఏడోది తెలుగులో రాశాడు: ఏట్లో దిగేముందు లోతు చూసుకోవడానికి, ఎండలో నిలబెట్టి నీడను బట్టి టైము తెలుసుకోవడానికి. దిద్దినవాళ్ళకి తెలుగు చదవడం రాదు. ధారాళత గడిలో 5 అని ఉంది.