ఆ నష్టం ఎవరి పద్దు? ప్రభుత్వ సంస్థల లెక్కల వెనుక చరిత్ర

ఒక ప్రభుత్వ సంస్థకు నష్టం వచ్చిందనగానే నిర్వహణ లోపమని కొందరు, ప్రజాసేవకు అయిన ఖర్చని కొందరు వాదిస్తారు. ఈ రెండింటి వాటా ఎంతెంతో సంస్థ ఖాతాలో విడిగా కనపడకపోవడమే అసలు చిక్కు, అది నిన్నమొన్నటిది కాదు.

1947 జనవరి 1న బ్రిటన్ బొగ్గు గనులు జాతీయమైనప్పుడు, ఇకపై ఈ గనిని ప్రజల తరఫున జాతీయ బొగ్గు బోర్డు నిర్వహిస్తుందని గనుల దగ్గర పలకలు పాతారు. విధానం మంత్రిది, రోజువారీ నిర్వహణ బోర్డుది అన్నది 1930లలో లండన్ రవాణా సంస్థ కోసం లేబర్ పార్టీ నాయకుడు హెర్బర్ట్ మారిసన్ తీర్చిదిద్దిన పద్ధతి, దాన్నే ఈ బోర్డుకూ వర్తింపజేశారు. ఆచరణలో మంత్రులు రాతపూర్వకమైన ఆదేశం ఇవ్వకుండానే ధరలు పెంచవద్దని నచ్చజెప్పేవారు, దాని భారం మాత్రం బోర్డు పద్దులో పడేది. ఐదేళ్ల కాలానికి ఆదాయవ్యయాలు సరిపోవాలని 1961 నాటి శ్వేతపత్రం నిర్దేశించినా, ఈ మాటమాత్రపు ఒత్తిళ్లు ఆగలేదు.

ఫ్రాన్స్‌లో ప్రభుత్వ సంస్థలపై ఉన్నతాధికారి సీమోన్ నోరా 1967లో ఇచ్చిన నివేదిక, ప్రభుత్వం కోరి చేయించుకునే సేవకు ప్రభుత్వమే పరిహారం చెల్లించాలని, మిగిలిన వ్యవహారంలో సంస్థకు స్వేచ్ఛ ఇవ్వాలని సూచించింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఆలోచన ఇదే. నష్టం ఎంత వచ్చినా ఖజానా ఆదుకుంటుందన్న నమ్మకం నిర్వాహకుల క్రమశిక్షణను ఎలా సడలిస్తుందో హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ తరువాతి దశాబ్దంలో వివరించారు. ఆ సాయం దేనికోసమో రాసి లేనప్పుడు ఈ జబ్బు మరింత ముదురుతుంది.

నోరా చెప్పిన సూత్రాన్నే 1986లో న్యూజిలాండ్ చట్టంలో పెట్టింది. సంస్థ ప్రైవేటు వ్యాపారాలతో సమానంగా లాభసాటిగా నడవాలి. వాణిజ్యేతర సేవ కావాలంటే ప్రభుత్వం ఒప్పందం చేసుకుని సొమ్ము చెల్లించాలి. లాభం రాని తపాలా కార్యాలయాలకు అలా చెల్లిస్తూ వచ్చిన సొమ్మును ప్రభుత్వం ఆపేయడంతో, 1988 ఫిబ్రవరిలో ఒక్కరోజే 432 కార్యాలయాలు మూతపడ్డాయి. ఆ ఊళ్లకు అది పెద్ద దెబ్బ, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. అయితే ఆ నిర్ణయం ఎవరిదో అందరికీ తెలిసింది.

యజమానిగా ప్రభుత్వం, నియంత్రకుడిగా ప్రభుత్వం వేర్వేరుగా ఉండాలని, ప్రజాసేవ బాధ్యతల ఖర్చును బహిరంగపరచాలని ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ అనే దేశాల కూటమి) 2005లో మార్గదర్శకాలు వెలువరించి, 2015లోనూ 2024లోనూ సవరించింది. అవి సిఫార్సులే కనుక, ఆ ఖర్చును విడిగా చూపాలా వద్దా అన్నది ఇప్పటికీ ఆయా ప్రభుత్వాల చేతిలోనే ఉంది.