మోనోవై: ఒక్కరున్న ఊరికి ఇద్దరని లెక్క

2021 ఆగస్టులో అమెరికా జనాభా లెక్కలు బయటికొచ్చినప్పుడు, నెబ్రాస్కా రాష్ట్రంలోని మోనోవై అనే ఊరి పేరుకు ఎదురుగా 2 అని ఉంది. 2010 లెక్కల్లో అక్కడ ఉన్న అంకె 1. జనం వెళ్లిపోవడమే తప్ప రావడం లేని ఆ ప్రాంతంలో ఒక ఊరి జనాభా రెట్టింపయిందంటే వార్తే మరి. కానీ ఊళ్లో అప్పటికీ ఉంటున్నది ఎల్సీ ఐలర్ ఒక్కరే. అప్పటికే ఎనభై ఐదేళ్లు దాటిన ఆమె, తాను తప్ప ఇక్కడ ఇంకెవరూ లేరని చెప్పారు. మరి ఆ రెండో మనిషి లెక్కలోకి ఎలా వచ్చినట్టు? ఆ సంగతికి వచ్చే ముందు, ఆ ఊరు ఒక్కరి దాకా ఎలా తగ్గిందో తెలియాలి.

నెబ్రాస్కా ఉత్తరపు అంచున, దక్షిణ డకోటా సరిహద్దును ఆనుకుని బాయిడ్ కౌంటీ ఉంది. ఆ కౌంటీలో నయోబ్రారా, మిస్సోరి నదుల నడుమ గడ్డి గుట్టల మధ్య ఉంటుంది మోనోవై. విస్తీర్ణం అర చదరపు కిలోమీటరు చిల్లర. మన దగ్గర ఓ మోతుబరి రైతుకు అంతకన్నా పెద్ద కమతమే ఉండవచ్చు. అక్కడి అడవిపూలను బట్టి ఆ పేరు వచ్చిందని, ఏదో ఆదివాసీ భాషలో దానికి పువ్వు అని అర్థమని చెబుతారు.

ఊరికి తూర్పున నయోబ్రారా వెళ్లి మిస్సోరిలో కలుస్తుంది. ఆ సంగమం చుట్టూ ఉన్న నేల పోంకా తెగవారిది. 1868లో ప్రభుత్వం సూ తెగవారితో ఒప్పందం రాసుకుంటూ, పోంకాల నేలను కూడా పొరపాటున అందులో కలిపేసింది. తప్పు రాసినవారు దిద్దుకోలేదు, శిక్ష పడింది పోంకాలకు. 1877లో వారిని బలవంతంగా దక్షిణాన ఇండియన్ టెరిటరీకి, అంటే నేటి ఒక్లహోమా ప్రాంతానికి తరలించారు. దారిలో కొందరు, వెళ్లినచోట మలేరియాతో, ఆకలితో ఇంకెందరో చనిపోయారు. తెగ పెద్దల్లో ఒకరైన స్టాండింగ్ బేర్ కొడుకు కూడా అలాగే పోయాడు. ఆ బిడ్డను సొంత నేలలో పూడ్చిపెట్టాలని చలికాలంలో కాలినడకన తిరిగివచ్చిన తండ్రిని సైన్యం నిర్బంధించింది. 1879 మే నెలలో ఒమాహా కోర్టులో న్యాయమూర్తి ఎల్మర్ డండీ, చట్టం దృష్టిలో ఆదివాసీ కూడా మనిషేనని తీర్పు చెప్పారు. ఆ మాట కోర్టు చెబితే తప్ప చెల్లని రోజులవి. మోనోవై కథలు చాలావరకు ఊరు పుట్టిన 1902తో మొదలవుతాయి. దానికి పాతికేళ్ల ముందే ఈ ప్రాంతంలో ఒకసారి ఊళ్లు ఖాళీ అయ్యాయని గుర్తుపెట్టుకోవడం న్యాయం.

1890 తర్వాత ఈ నేలను కొత్తగా వచ్చే రైతులకు తెరిచారు. హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకుని, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే భూమి సొంతమవుతుంది. 1902లో రైలు వచ్చింది, దానితో పాటే మోనోవై పుట్టింది. గుర్రపుబండి మీద ధాన్యం, పశువులు తోలుకొచ్చిన రైతు సాయంత్రానికి ఇల్లు చేరగలిగేంత దూరంలో స్టేషన్లు పెట్టుకుంటూ పోవడం ఆనాటి రైలు కంపెనీల పద్ధతి. ప్రతి స్టేషన్ చుట్టూ ఒక ఊరు, ఒక తపాలా ఆఫీసు, ఒక చర్చి, నాలుగు దుకాణాలు లేచేవి. 1930లలో మోనోవైలో 150 మంది దాకా ఉండేవారంటారు.

గుర్రపుబండి పోయి మోటారు బండి రావడంతో ఆ లెక్కంతా తప్పింది. పది కిలోమీటర్లకు ఒక ఊరు అక్కర్లేకపోయింది. ట్రాక్టర్ వచ్చాక 160 ఎకరాల మీద ఒక కుటుంబం బతకడం కష్టమైంది. పక్క పొలం కొనుక్కున్నవాడు నిలబడ్డాడు, అమ్ముకున్నవాడు ఒమాహాకో ఇంకా దూరానికో పోయాడు. పంట తగ్గలేదు, పండించే చేతులే తగ్గాయి. ఈ తేడాను చాలామంది గమనించరు. ఈ ఊళ్లు కరువుతో పోయాయని అనుకుంటారు. 1930ల దుమ్ము తుఫాన్లు, ధరల పతనం దెబ్బతీసిన మాట నిజమే. అయితే వ్యవసాయం బాగుపడిన తర్వాత కూడా ఊళ్లు మాత్రం తేరుకోలేదు. 1910లో 8,800 దాటిన బాయిడ్ కౌంటీ జనాభా 2020 నాటికి 1,810. అదే కౌంటీలోని గ్రాస్ అనే ఊళ్లో 2010లో ఉన్నది ఇద్దరే.

మోనోవైలో తపాలా ఆఫీసు 1967లో మూతపడింది, బడి 1974లో. మధ్యలో కిరాణా కొట్లు పోయాయి. తర్వాత రైలూ లేదు. బడి పోయిన ఊళ్లో పిల్లలున్న కుటుంబం నిలవదు. 1980లో 18 మంది, 1990లో ఆరుగురు, 2000లో ఇద్దరు. ఆ ఇద్దరూ రూడీ, ఎల్సీ దంపతులు. చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నవారు. 1971 నుంచి ఊళ్లో ఒక చిన్న టావర్న్ నడిపారు. అక్కడ బీరుతో పాటు భోజనమూ దొరుకుతుంది, చుట్టుపక్కల రైతులు మైళ్ల దూరం నుంచి వచ్చి కూర్చుంటారు. రూడీకి పుస్తకాల పిచ్చి. తాను పోగేసిన సుమారు 5,000 పుస్తకాలతో గ్రంథాలయం పెట్టాలనుకుని, అది పూర్తికాకుండానే 2004లో కన్నుమూశారు. ఎల్సీ దాన్ని పూర్తిచేసి, ఒక చిన్న షెడ్డులో ఆయన పేరుతోనే తెరిచారు. ఎవరైనా వచ్చి పుస్తకం తీసుకెళ్లవచ్చు.

అప్పటినుంచి మేయర్, గుమస్తా, కోశాధికారి అన్నీ ఆమే. టావర్న్ యజమానిగా మద్యం లైసెన్సుకు దరఖాస్తు చేసేది ఆమే, ఊరి తరఫున సంతకం పెట్టేదీ ఆమే. ఏటా రోడ్ల ప్రణాళిక రాసి రాష్ట్రానికి పంపాలి, అప్పుడే నిధులు వస్తాయి. వీధి దీపాలు వెలగడానికి తనమీద తానే పన్ను వేసుకుని కట్టాలి. ఈ కాగితాలు రాయడం ఆపితే మోనోవై ఊరుగా రద్దవుతుంది.

ఇక ఆ రెండో మనిషి సంగతి. జనగణనలో చెప్పిన వ్యక్తిగత వివరాలు బయటపెట్టకూడదని అమెరికా చట్టం. అయితే 2010 పట్టికలను కంప్యూటర్లతో తిరగేసి లెక్కవేసి, వ్యాపార సంస్థల దగ్గర దొరికే సమాచారంతో జతచేస్తే, జనాభాలో సుమారు 17 శాతం మంది ఎవరెవరో పోల్చుకోవచ్చని జనగణన బ్యూరో స్వయంగా చేసిన పరీక్షలో తేలింది. అంటే ఐదు కోట్ల మందికి పైగా. అందుకని 2020లో డిఫరెన్షియల్ ప్రైవసీ అనే పద్ధతి పెట్టారు. రాష్ట్రాల మొత్తం జనాభాను ఉన్నదున్నట్టు ఉంచి, ఊళ్లు, వీధుల స్థాయి అంకెలకు యాదృచ్ఛికంగా కొంత కలుపుతారు, కొంత తీస్తారు. లక్షమంది ఉన్న నగరంలో ఒకరు ఎక్కువైనా తక్కువైనా తెలియదు. ఒక్కరే ఉన్న ఊళ్లో అదే నూరు శాతం తప్పు. పైగా ఏ ఊళ్లోనూ సున్నాకన్నా తక్కువ మంది ఉండరు కదా, అందుకే మరీ చిన్న అంకెలు సవరణలో పైకే జరుగుతుంటాయి. మోనోవై 2 వెనక ఉన్నది ఈ సవరణేనని బ్యూరో కూడా వివరణ ఇచ్చింది.

ఈ పద్ధతిని నేను పూర్తిగా తప్పుపట్టలేను. ఐదు కోట్ల మంది గోప్యత చిన్న విషయం కాదు. కానీ ఎల్సీ విషయంలో అది దాచిందేమీ లేదు. ఆమె పేరు, వయసు, వ్యాపారం ప్రపంచమంతా పత్రికల్లో చదివింది. పోయింది ఆ ఊరి నిజమైన అంకె ఒక్కటే. 1930 నుంచి ఒక్కొక్కరే వెళ్లిపోగా మిగిలిన అంకె అది, దానిలో ఒక చరిత్ర ఉంది.

మన రెవెన్యూ రికార్డుల్లో జనం లేని ఊరిని బేచిరాగ్ గ్రామం అంటారు, దీపం లేని ఊరు అని. మోనోవై వీధి దీపాలకూ నీళ్లకూ ఏడాదికి సుమారు 500 డాలర్ల పన్ను పడుతుంది. కట్టేది ఒక్కరే.