మూత ఒకటే దొరికింది

చింటూకి, బుజ్జికి, పక్కన కూర్చుని ఇది చదివే మీ స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది కదా, "తాతయ్యా, కెటిల్ లేకుండా ఉత్త మూత ఎందుకు కొన్నావు?" అని. మీ అమ్మమ్మ కూడా అదే అడిగింది, కాస్త గట్టిగా. ఫోన్లో నాకు జవాబు తట్టలేదు. తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

అది పింగాణీ మూత. పట్టుకోవడానికి బొడిపె ఉండాల్సిన చోట చిన్న పిల్లి ముడుచుకుని పడుకుని ఉంది. దాని చెవి ఒకటి ఎప్పుడో విరిగితే ఎవరో అతికించారు, కొంచెం వంకరగా. కెటిల్ పగిలిపోయాక కూడా ఆ మూతను పారేయడానికి వాళ్లకి చేతులు రాలేదన్నమాట. కొత్త సామాన్ల కొట్లో వంద మూతలుంటే వందా ఒకేలా ఉంటాయి. వంకర చెవి పిల్లి అక్కడ దొరకదు.

నా చదరంగం పెట్టె మీరు చూసే ఉంటారు. 31 పావులు మామూలువే. 32వది, ఒక నల్ల బంటు, ఎక్కడో పోయింది. దాని బదులు ఎవరో సీసా బిరడా ముక్క కోసి, సిరా పూసి నిలబెట్టారు. నిజం చెప్పాలంటే ఆ సెట్టు కొన్నది ఆ బిరడా బంటు కోసమే. ఆటలో దాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం ఉండదు. చింటూ చేతిలో నేను తరచూ ఓడిపోవడానికి అదే కారణం, వేరే ఏం కాదు.

ఇక, ఇలాంటివాటితో బొమ్మలు చేయడం సంగతి. మీరు చేసే పొరపాటు ఒకటి గమనించాను. ముందు "రోబో చేద్దాం" అనుకుని, తర్వాత దానికి కావలసినవి వెతుకుతారు. దొరక్కపోతే నీరసపడతారు. పాత సామానుతో పని అలా సాగదు. ముందు వస్తువును చేతిలోకి తీసుకోవాలి. తిప్పాలి, తలకిందులు చేయాలి, దూరంగా పెట్టి కళ్లు చికిలించి చూడాలి. అది ఏదోలా కనబడేదాకా జిగురు డబ్బా ముట్టుకోకూడదు.

పికాసో అనే చిత్రకారుడి పేరు విన్నారుగా. 1942లో ఆయనకి ఇనప తుక్కులో పాత సైకిల్ సీటు, హ్యాండిల్ కనిపించాయి. సీటు ఎద్దు మొహం, హ్యాండిల్ కొమ్ములు. రెంటినీ కలిపాడు, అంతే. దానికి తర్వాత కంచు పోత కూడా పోయించాడు. ఆ బొమ్మ ఫోటో ఎక్కడైనా దొరికితే కాసేపు అలాగే చూడండి. ఒక క్షణం ఎద్దు, మరుక్షణం సైకిల్, మళ్లీ ఎద్దు. సైకిల్ పూర్తిగా మాయమైపోయి ఉంటే అది ఉత్త ఎద్దు తలే అయ్యేది, అలాంటివి లోకంలో బోలెడు. అందుకే మీరు బొత్తాన్ని కన్నుగా పెడితే అది బొత్తామని తెలియనివ్వండి. రంధ్రాలు పూడ్చేసి రంగు పూయకండి.

అన్నానే గానీ, దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లినావిడ కూడా ఉంది. లూయీస్ నెవెల్సన్ అనే శిల్పి న్యూయార్క్ వీధుల్లో పారేసిన చెక్క ముక్కలు ఏరుకొచ్చేది. కుర్చీ కాళ్లు, మెట్ల కటకటాల పుల్లలు, పెట్టెల పలకలు. వాటిని చిన్న చిన్న అరల్లో అమర్చి గోడంత ఎత్తున పేర్చి, అన్నిటికీ ఒకే రంగు వేసేది, ఎక్కువగా నలుపు. కుర్చీ కాలు కుర్చీని మరిచిపోతుంది. నీడలు మాత్రం మిగులుతాయి. మీరు చేసింది చెత్తకుప్పలా కనిపిస్తోందని బాధపడుతుంటే ఈ ఉపాయం వాడండి. చాలాసార్లు తప్పు వస్తువులది కాదు, పది రంగులు ఒకేసారి అరవడం వల్ల వచ్చిన గోల.

అతికించడం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇందులో నేను బాగా దెబ్బతిన్నాను. ఒకసారి గాజు పలక మీద రేకు ముక్కలతో నెమలిని చేశాను. వాడింది మామూలు తెల్ల జిగురు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు రాత్రి ఒక్కో ఈకా టప్ టప్‌మని రాలుతుంటే దొంగలు పడ్డారనుకుని అందరం లేచాం. తప్పు జిగురుది కాదు, నాదే. తెల్ల జిగురులో నీళ్లుంటాయి. ఆ తడి ఆరితేనే అది గట్టిపడుతుంది. కాగితం, అట్ట, చెక్క, గుడ్డ అయితే తడిని పీల్చుకుంటాయి. గాజుకీ రేకుకీ మధ్య తడి ఎటు పోతుంది? అక్కడే ఉండిపోతుంది. వాటికి రెండు ట్యూబుల్లో వచ్చే, కలిపి పూసే జిగురు కావాలి. పూసే ముందు రేకును గరుకు కాగితంతో కాస్త రుద్దాలి, నూనె మరక లేకుండా తుడవాలి. ఆ జిగురు మాత్రం పెద్దవాళ్లు పక్కనుంటేనే, కిటికీలు తెరిచి.

అసలు జిగురే లేకుండా కట్టేయడం ఇంకా మంచిది. ఎల్ అనాట్సుయ్ అనే శిల్పి ఘనాలో పుట్టి నైజీరియాలో చాలా ఏళ్లు పనిచేశాడు. మద్యం సీసాల అల్యూమినియం మూతల్ని చదును చేసి, మడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టిస్తాడు. వేలకొద్దీ మూతలు. దూరం నుంచి చూస్తే జరీ దుప్పటి ఆరేసినట్టుంటుంది. నాకు బాగా నచ్చిందేమిటంటే, దాన్ని ఇలాగే వేలాడదీయాలన్న నియమం లేదు. ఒక చోట ఒక రకంగా మడతలు పడుతుంది, ఇంకో చోట ఇంకో రకంగా.

మన దేశంలో అయితే నేక్ చంద్. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పాత ఊళ్లు కూల్చిన చోట మిగిలిన పింగాణీ పెంకులు, విరిగిన గాజులు, రాళ్లు ఏరి, ఊరి పక్క అడవిలో ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి బొమ్మలు చేశాడు. అది ప్రభుత్వ స్థలం, కట్టడాలకు అనుమతి లేదు. బయటపడ్డాక కూల్చేస్తారేమో అన్నంత పని జరిగింది. చివరికి 1976లో రాక్ గార్డెన్ పేరుతో దాన్ని జనానికి తెరిచారు. మీరు మాత్రం అనుమతి అడిగి మొదలుపెట్టండి, ముఖ్యంగా మీ అమ్మ బీరువా జోలికి వెళ్లే ముందు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. నా పాతికేళ్ల వయసులో పళ్లచక్రాల కోసం ఒక బల్ల గడియారం విప్పేశాను. అది నడుస్తున్న గడియారం! చక్రాలతో మిడతను చేశాను. రెండు నెలలకి కాళ్లూడిపోయాయి. అంతకు ముందు ఎవరెవరి ఇళ్లలోనో గంటలు కొట్టిన గడియారాన్ని రెండు నెలల మిడత కోసం చంపేశానని ఇప్పటికీ గిల్టీగా ఉంటుంది. పనిచేసేదాన్ని కోయకండి. మిగిలిందీ, విరిగిందీ, జత తప్పిందీ చాలినంత ఉంటుంది. ఇంకో మాట, దీనికి బేరం లేదు: ట్యూబ్‌లైట్లు పగలగొట్టకూడదు, లోపల పాదరసం ఉంటుంది. బ్యాటరీలు విప్పకూడదు. పాత సామాను మీద పొరలుగా ఊడే రంగును గీకకూడదు, అందులో సీసం ఉండొచ్చు.

వార్తాపత్రిక ముక్కలతో బొమ్మ చేస్తే కొన్నాళ్లకి పసుపెక్కుతుంది. ఆ కాగితంలో మిగిలిపోయే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురు తగిలి అలా మారుతుంది. బుజ్జి చేసిన చందమామ నా గోడ మీద అలాగే ఇప్పుడు పండు చందమామ అయింది. తెల్లగా ఉన్నప్పటి కంటే బాగుంది.

ఉంటాను.

మీ తాతయ్య

తా.క.: ఈ కవరుతో పాటు ఒక ఇత్తడి వస్తువు పంపుతున్నాను. ఒక చివర కొక్కెం, రెండో చివర చిన్న గిన్నె, మధ్యలో రెండు రంధ్రాలు. మూడేళ్లుగా నా బల్ల మీదే ఉంది, దేనికి వాడేవారో తెలియదు. నాకు ఒకసారి కొంగలా, ఒకసారి చెవిటి మాలోకంలా కనిపించింది. మీకేం కనిపిస్తుందో బొమ్మ గీసి పంపండి. అసలు అదేమిటో మీలో ఎవరికైనా తెలిసిపోతే, దయచేసి నాకు చెప్పకండి.