తీగ కింది భూమికి లెక్క ఎక్కడ తప్పింది?

పెద్ద కరెంటు లైన్ల టవర్ల గొడవ మళ్లీ ముందుకొచ్చింది. చేలల్లో సర్వే వాళ్లు హద్దురాళ్లు పాతిన ప్రతిసారీ పరిహారం మాట ఎటూ వస్తుంది. ఈసారి దానితోపాటు ఇంకో ప్రశ్న కూడా వినబడుతోంది. శ్రీలంకకు సముద్రం అడుగు నుంచి కరెంటు తీసుకుపోతామంటున్నారు, మరి వరంగల్ చెలకల కింద నుంచి తీసుకుపోవడానికి ఏం అడ్డం? అధికారులు దీన్ని తెలియనితనం కింద కొట్టిపారేస్తున్నారు గానీ, అంత తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదిది.

రామగుండం ఎన్టీపీసీలో మొదటి యూనిట్ నడిచిన 1983 నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. భూపాలపల్లి దగ్గరి చెల్పూరు కరెంటు ప్లాంటు సంగతీ తెలిసిందే. రాష్ట్రం వచ్చేనాటికి కరెంటుకు ఎంత కటకట ఉండేదో, రాత్రి పూట మోటారు పెట్టడానికి బావి దగ్గర పడుకున్న ఏ ఇంటివారినడిగినా చెబుతారు. ఈ తగాదాకు మూలం మాత్రం అక్కడ లేదు, 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్‌లో ఉంది.

ఆ సెక్షన్ చెప్పేది ఇంతే: కరెంటు లైను వేసే సంస్థకు, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద టెలిగ్రాఫ్ అధికారికి ఉండే అధికారాలన్నీ ప్రభుత్వం ఇవ్వవచ్చు. పాత చట్టం పదో సెక్షన్ ప్రకారం ఎవరి స్థలంలోనైనా తీగ లాగవచ్చు, స్తంభం నాటవచ్చు. భూమి మీద హక్కు మాత్రం రాదు, వాడుకునే వీలు మాత్రమే వస్తుంది. జరిగిన నష్టానికి పరిహారం ఇస్తే చాలు. యజమాని అడ్డుపడితే పదహారో సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, ఉత్తర్వు ఇస్తారు. డబ్బు చాలలేదనుకుంటే రైతు జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లాలి. టవర్ వేయడానికి యజమాని ఒప్పుదల అక్కర్లేదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

తంతి స్తంభానికి రాసుకున్న నిబంధన అది. ఆ స్తంభం పక్కన నాగలి తిరిగేది. 765 కేవీ (7.65 లక్షల వోల్టుల) డబుల్ సర్క్యూట్ లైనుకు, అంటే ఒకే టవర్ మీద రెండు లైన్లు పోయేదానికి, కావలసిన దారి వెడల్పు సుమారు 67 మీటర్లు. అంటే ఒక్క కిలోమీటరు తీగ కింద పదహారున్నర ఎకరాలు పడుతుంది. ఆ భూమిలో పత్తి వేసుకోవచ్చు, మిర్చి వేసుకోవచ్చు. మామిడి తోట, టేకు పెంచడం కుదరదు. ఎత్తు పెరిగే ఆయిల్‌పామ్ ఇక అడగక్కర్లేదు. బోరు లారీ మాస్టు లేపాలన్నా భయమే. ఇల్లు కట్టుకోలేరు, ప్లాట్లు చేయలేరు. పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రం గుంట కూడా తగ్గదు. మంచిర్యాల–వరంగల్–ఖమ్మం గ్రీన్‌ఫీల్డ్ రహదారికి పోయిన భూమికి సేకరణ చట్టం ప్రకారం లెక్క కట్టారు. చాలదన్న గొడవ అక్కడా ఉన్నా, పోయిన భూమి పోయినట్టు కాగితం మీద ఉంది. తీగ కింద పోయినదానికి కాగితమే లేదు.

భూగర్భ కేబుల్ కుదరదన్న ఇంజినీర్ల మాటలోనూ నిజం ఉంది. ఏసీ కరెంటును, అంటే మన ఇళ్లకు వచ్చే, దిశ మారుతూ ఉండే కరెంటును, పొడవాటి భూగర్భ కేబుల్‌లో పంపడమంటే, ఆ పొడవున్న పైపును సెకనుకు వందసార్లు నింపి ఖాళీ చేసినట్టు. కొంత దూరం పోయాక కేబుల్ సామర్థ్యమంతా దాన్ని నింపడానికే సరిపోతుంది. ఒకే దిశలో పోయే డీసీకి ఆ బాధ లేదు గానీ ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే కన్వర్టర్ స్టేషన్లు రెండు చివర్లా కట్టాలి, మధ్యలో దించుకోవాలంటే మరొకటి. సముద్రంలో ఓడ పదుల కిలోమీటర్ల కేబుల్‌ను ఒకేసారి దించుకుంటూ పోతుంది. నేల మీద లారీ మోయగలిగినంత, అంటే ఇంచుమించు కిలోమీటరుకో డ్రమ్ము, డ్రమ్ము డ్రమ్ముకూ అతుకు. 2023 డిసెంబరులో మొదలైన బ్రిటన్–డెన్మార్క్ వైకింగ్ లింక్ పొడవు 765 కిలోమీటర్లు, మోసేది 1,400 మెగావాట్లు. దాని దారిలో ఎక్కువ భాగం సముద్రమే, అక్కడ పట్టాదారు ఎవరూ లేరు.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా ఒక సంగతి మిగిలిపోతుంది. పై తీగ, కింది కేబుల్ ఖర్చులు పోల్చి 'కేబుల్‌కు ఎన్నో రెట్లు' అని చెప్పినప్పుడు, పై తీగ వైపు ఆ పదహారున్నర ఎకరాల విలువ ఎంత వేశారు? 2015 అక్టోబరు వరకు వేయాలన్న నియమమే లేదు. ఆ నెల 15న కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది: టవర్ కాళ్ల మధ్య స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల కింది దారికి గరిష్ఠంగా 15 శాతం. అవి మార్గదర్శకాలు, అమలు రాష్ట్రాల ఇష్టం. అయినా పంట నష్టం వేరు, భూమి విలువ తగ్గడం వేరు అని ఢిల్లీ కాగితం మీద ఒప్పుకున్నది అప్పుడే.

ఉత్తర తెలంగాణ మీదుగా పెద్ద లైన్లు దూసుకొచ్చిందీ ఆ రోజుల్లోనే. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశంతో కలిసింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌తో తెలంగాణ ఒప్పందం, దాని కరెంటు రావడానికి వార్ధా–డిచ్‌పల్లి–మహేశ్వరం కారిడార్. ఆ కొనుగోలు లాభమా నష్టమా అన్నది తర్వాత విచారణ కమిషన్ దాకా పోయింది, ఇక్కడ దాని జోలికి పోను. మహారాష్ట్రలోని వరోరా నుంచి వరంగల్ మీదుగా కర్నూలుకు పోయే 765 కేవీ ప్రాజెక్టు 2016లో పోటీ బిడ్డింగులో ఎస్సెల్ సంస్థకు దక్కి, అదానీ చేతికి మారి, 2023లో పూర్తయింది. పొడవు 1,756 సర్క్యూట్ కిలోమీటర్లు (ఒకే టవర్ మీది రెండు లైన్లను వేర్వేరుగా లెక్కిస్తే). 2018 జనవరి నుంచి సేద్యానికి ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చిందంటే ఇలాంటి లైన్ల పాత్ర ఉంది. ఆ మాట రైతులూ కాదనరు. అందరి కరెంటుకు కొందరి చెలకలే ఎందుకు తగ్గాలన్నదే వాళ్ల వాదన.

భూగర్భం కుదరదన్న మాటకు మన దేశంలోనే ఒక జవాబుంది. తమిళనాడులోని పుగళూరు నుంచి కేరళలోని త్రిస్సూరుకు 2,000 మెగావాట్ల డీసీ లైను 2021 ఫిబ్రవరిలో జాతికి అంకితమైంది. మొత్తం 165 కిలోమీటర్లలో వడక్కంచేరి నుంచి త్రిస్సూరు దాకా సుమారు 27 కిలోమీటర్లు భూమి లోపలే పోతుంది. కేరళలో ఇళ్లు ఒత్తుగా ఉంటాయి, భూమి ఖరీదు, దారి దొరకలేదు. అంటే భూమికి ధర కట్టక తప్పని చోట కేబుల్ గిట్టుబాటైంది. వరంగల్ చుట్టూ అవుటర్ రింగు రోడ్డు, మామునూరు విమానాశ్రయం మాటలతో ధరలు లేచిన పల్లెల్లో ఇదే లెక్క ఎందుకు వేసి చూడరన్నది అడగదగ్గదే. లైను మొత్తం పాతమని ఎవరూ అనడం లేదు. (జర్మనీ 2015లో పెద్ద డీసీ లైన్లకు భూగర్భానికే మొగ్గు అని చట్టం చేసింది. వాటిలో ఒకటైన స్యూడ్‌లింక్ ఏళ్ల తరబడి ఆలస్యమైంది, నేల వేడెక్కుతుందని అక్కడి రైతులూ ఊరుకోలేదు. కేబుల్‌తో అన్నీ తీరిపోవు.)

2024 జూన్ 14న కేంద్రం రేట్లు మార్చింది. టవర్ స్థలానికి 200 శాతం, దారికి 30 శాతం. 2025 మార్చిలో మరో సవరణ: నగరపాలక సంస్థల పరిధిలో దారికి 60, పురపాలక పట్టణాల్లో 45, పల్లెల్లో 30. చూడటానికి పెద్ద మార్పే. అయితే శాతం దేని మీద? ఎకరం సర్కారు విలువ 5 లక్షలు, బయట అమ్ముడుపోయే ధర 30 లక్షలు అనుకుందాం. మొదటిదాని మీద 30 శాతం లక్షన్నర, రెండోదాని మీద 9 లక్షలు. ఈ తేడా తెలిసే కాబోలు, మార్కెట్ ధర తేల్చడానికి మదింపుదారులతో కమిటీ వేయవచ్చని 2025 సవరణలో చేర్చారు. అందులో భూ యజమానుల తరఫు మదింపుదారుకూ చోటుంది.

గ్రామసభకు వచ్చే అధికారుల దగ్గర రూటు మ్యాపు ఉంటుంది, టవర్ నంబర్లు ఉంటాయి. రైతులు ముందుగా అడగాల్సింది ఆ కమిటీ ఉత్తర్వు, దాంతోపాటు ఏ తేదీ ధర తీసుకుంటున్నారన్న మాట. ఒకసారి తీగ లాగాక ఆ చుట్టుపక్కల జరిగే అమ్మకాలన్నీ తగ్గిన ధరకే జరుగుతాయి. వాటినే ఆధారం చేసుకుంటే 200 శాతమైనా, 30 శాతమైనా సగం అక్కడే పోతుంది.