తొమ్మిది ఓట్లే వచ్చి ఓడిన అనితా డిఫ్రాంజ్

2025 మార్చి 20న గ్రీస్‌లో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఎన్నికల్లో జింబాబ్వే మాజీ స్విమ్మర్ కిర్స్టీ కోవెంట్రీ గెలిచారు. బరిలో ఏడుగురు ఉన్నా, 97 ఓట్లలో 49 మొదటి రౌండ్‌లోనే ఆమెకు పడ్డాయి. 1894లో పుట్టిన ఆ సంస్థకు ఒక మహిళ అధ్యక్షురాలు కావడం ఇదే తొలిసారి. అయితే ఆ కుర్చీ కోసం పోటీపడిన మొదటి మహిళ ఆమె కాదు. 2001లో మాస్కోలో అమెరికాకు చెందిన అనితా డిఫ్రాంజ్ నిలబడ్డారు. తొమ్మిది ఓట్లే వచ్చాయి, మొదటి రౌండ్‌లోనే తప్పుకోవాల్సి వచ్చింది.

డిఫ్రాంజ్ తెడ్డు పట్టింది కాలేజీలో చేరాకే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మహిళల రోయింగ్‌ను మొదటిసారి చేర్చారు. ఎనిమిది మంది పడవలో ఆమె జట్టుకు కాంస్యం దక్కింది. మరుసటి ఏడాది లా డిగ్రీ చేతికొచ్చింది. ఆ చదువుతో త్వరలోనే పని పడింది. అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు వెళ్లినందుకు 1980 మాస్కో ఒలింపిక్స్‌కు వెళ్లొద్దని అమెరికా అధ్యక్షుడు కార్టర్ పట్టుబట్టారు. అమెరికా ఒలింపిక్ కమిటీ సరేనంది. డిఫ్రాంజ్, మరికొందరు క్రీడాకారులు ఆ కమిటీ మీదే కేసు వేశారు. ఓడిపోయారు. కమిటీ నిర్ణయాన్ని కాదనే హక్కు చట్టం ఆటగాళ్లకు ఇవ్వలేదని కోర్టు తేల్చింది. అంతర్జాతీయ కమిటీ మాత్రం అదే ఏడాది ఆమెకు ఒలింపిక్ ఆర్డర్ అనే పురస్కారం ఇచ్చి గౌరవించింది.

1984 లాస్ ఏంజెలిస్ అంటే మనకు పి.టి. ఉష గుర్తొస్తుంది, సెకనులో నూరో వంతు తేడాతో చేజారిన కాంస్యం గుర్తొస్తుంది. ఆ క్రీడలకు ఇంకో కథ కూడా ఉంది. ఖర్చులన్నీ పోగా 23 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. అందులో 40 శాతం, అంటే సుమారు 9.3 కోట్ల డాలర్లతో దక్షిణ కాలిఫోర్నియా పిల్లల ఆటల కోసం ఒక ఫౌండేషన్ పెట్టారు. నిర్వాహక కమిటీలో పనిచేసిన డిఫ్రాంజ్ 1987 నుంచి 2015 దాకా దానికి అధ్యక్షురాలు. ఇప్పుడు దాని పేరు ఎల్ఏ84 ఫౌండేషన్. అంతర్జాతీయ పదవుల కన్నా ఆమె అసలు పని ఇక్కడే జరిగిందని నాకనిపిస్తుంది. ఆ డబ్బు క్లబ్బులకు, కోచ్‌ల శిక్షణకు, మైదానాలకు వెళ్లింది. 1990లో ఫౌండేషన్ ఒక అధ్యయనం కూడా అచ్చువేసింది. లాస్ ఏంజెలిస్ లోకల్ టీవీ క్రీడా వార్తల్లో మహిళల ఆటలకు దక్కుతున్న సమయం 5 శాతమేనని అందులో తేలింది. వివక్ష ఉందని ఊరికే అనడం వేరు, దాన్ని కొలిచి చూపించడం వేరు.

ఇక అంతర్జాతీయ కమిటీ సంగతి. 1981 దాకా అందులో ఒక్క మహిళా సభ్యురాలు కూడా లేరు. ఆ ఏడాది ఫిన్లాండ్, వెనిజులా నుంచి ఇద్దరిని తీసుకున్నారు. 1986లో డిఫ్రాంజ్ వచ్చారు, అమెరికా తరఫున మొదటి మహిళగా. 1997లో ఉపాధ్యక్షురాలయ్యారు, ఆ పదవిలోనూ ఆమే మొదటి మహిళ. మహిళలు, క్రీడలు అనే అంశంపై కమిటీ వేసిన బృందానికి ఆమే నాయకత్వం వహించారు. ఆ కాలంలోనే జాతీయ ఒలింపిక్ కమిటీల నిర్ణాయక పదవుల్లో 2000 చివరికి 10 శాతం, 2005కి 20 శాతం మహిళలు ఉండాలని లక్ష్యం పెట్టారు. అడిగింది పదో వంతు, అదీ నూరేళ్లు దాటాక. దాన్నీ చాలా దేశాలు అందుకోలేకపోయాయి.

మన దగ్గరా అంతే. 1927లో ఏర్పడ్డ భారత ఒలింపిక్ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు 2022 డిసెంబర్‌లో వచ్చారు. ఆమె ఎవరో కాదు, లాస్ ఏంజెలిస్‌లో నాలుగో స్థానంలో నిలిచిన ఉష. 2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పాలన చట్టం ప్రకారం జాతీయ క్రీడా సంఘాల కార్యవర్గంలో 15 మందికి మించకూడదు, వారిలో కనీసం నలుగురు మహిళలు ఉండాలి.