కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు: అపోహలు - వాస్తవాలు

ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లు అరుదు. ఆయన ఇంటిపేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం తెలిసినదానికంటే ఊహించిందే ఎక్కువ. కాటన్ చీరలోని కాటన్‌కీ కాటన్ దొరలోని కాటన్‌కీ ఇంగ్లీషులోనూ ఒకటే స్పెల్లింగు. చిక్కంతా అక్కడే.

అపోహ: వీళ్ల పూర్వీకులు పత్తి వ్యాపారులో, నేతగాళ్లో అయ్యుండాలి.

ఈ రెండు మాటలకీ చుట్టరికమే లేదు. పత్తి అనే అర్థమున్న మాట అరబ్బీ 'ఖుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగింది. ఇంటిపేరు ఊరిపేరు నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. దాని బహువచనానికి విభక్తి చేరితే 'కాటుమ్', అంటే 'గుడిసెలకాడ'. ఆ చివరి 'ఉమ్' అరిగి 'అన్' అయింది. మన చెవికి ఇది కొత్తేం కాదు: వేమూరు నుంచి వేమూరి వారు, కొండవీడు నుంచి కొండవీటి వారు. మన ఔపవిభక్తికం ఇంటిపేరులో నిలిచింది, వాళ్ల విభక్తి ఊరిపేరులోనే గడ్డకట్టి ఆ తర్వాత ఇంటిపేరులోకి వచ్చింది. తేడా అంతే.

ఊరిపేరే అనడానికి సాక్ష్యం పాత పత్రాల్లో పేరు ముందు కనిపించే 'డి'. 1298 దాకా ఇంగ్లండ్ చరిత్ర రాసిన నార్విచ్ మఠ సన్యాసి బార్తొలోమ్యూ డి కాటన్. ఆ 'డి'కి అర్థం 'ఫలానా ఊరి' అని. ఇంగ్లండ్ పత్తి నేతకి పేరుపడ్డ లాంకషైర్‌లో ఆ పని మొదలైంది ఆ తర్వాత దాదాపు 300 ఏళ్లకి. బట్టల పని నుంచి పుట్టిన ఇంటిపేర్లు కావాలంటే వేరే ఉన్నాయి. నేసిన ఉన్నిగుడ్డను తడిపి, తొక్కి దట్టం చేసేవాణ్ణి ఇంగ్లండ్ ఉత్తరాన వాకర్ అన్నారు, నైరుతిలో టకర్, ఆగ్నేయంలో ఫుల్లర్. పని ఒకటే, ప్రాంతాన్ని బట్టి ఇంటిపేరు మారింది. అందుకే పాత రికార్డుల్లో టకర్ కనిపిస్తే ముందు డెవన్ వైపు వెతకాలి.

ఎగువ గోదావరిలో పడవల దారి వేసి బేరారు (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) పత్తిని కాకినాడ రేవుకి దించాలన్న పథకానికి ఆర్థర్ కాటన్ గట్టిగా నిలబడ్డ మాట నిజమే. పేరు, పని అలా కలవడం కాకతాళీయం.

అపోహ: కాటన్లంతా ఒకే వంశం.

గుడిసెలున్న ప్రతిచోటా ఆ పేరు పుట్టొచ్చు. ఇంగ్లండ్‌లో కాటన్, కోటన్ అనే ఊళ్లు చాలా జిల్లాల్లో ఉన్నాయి. పైగా సఫోక్‌లోని కాటన్‌కి గుడిసెలతోనే పనిలేదు. 1086లో ఇంగ్లండ్ రాజు చేయించిన డూమ్స్‌డే భూమి లెక్కల్లోని రూపాన్ని బట్టి అది 'కోడ్డ' అనే మనిషి పేరుమీద వెలసిన పల్లె. మన దగ్గర ఒకే ఇంటిపేరుండి గోత్రాలు వేరైన కుటుంబాలు ఉన్నట్టే ఇదీ.

ఆర్థర్ కాటన్‌ది చెషైర్‌లోని కోంబర్‌మియర్ శాఖ. ఎనిమిదో హెన్రీ మఠాలు రద్దు చేశాక అక్కడి మఠం ఎస్టేటు జార్జ్ కాటన్‌కి దక్కింది. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్ రాతప్రతిని దాచిన గ్రంథసేకర్త సర్ రాబర్ట్ కాటన్ (1571-1631) హంటింగ్‌డన్‌షైర్‌లోని కానింగ్టన్ శాఖవాడు. స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండ్ గద్దెనెక్కగానే ఈయన తన పేరుకి 'బ్రూస్' తగిలించుకుని స్కాట్ రాజవంశంతో చుట్టరికం చాటుకున్నాడు. వంశవృక్షాలను ఎంతవరకు నమ్మాలో అంచనా వేసుకోవచ్చు.

ఆర్థర్ తాత పేరు సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్. ఆ 'సాల్స్‌బరీ' పెళ్లి ద్వారా వచ్చిన ఇంటిపేరు, ఆస్తిగల ఆడపడుచు తెచ్చింది. రికార్డుల్లో నడిమి పేరు వింతగా ఉంటే తల్లి లేదా నాయనమ్మ పుట్టింటిపేరేమో చూడండి.

అపోహ: స్పెల్లింగు తేడా ఉంటే కుటుంబం వేరు.

పాస్టరు చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు. ఒకే మనిషి పెళ్లిలో 'కాటన్', ఖననంలో 'కోటన్', పిల్లల బాప్తిస్మంలో చివర 'ఎన్' ముందు 'ఇ' అక్షరం. ఇంతకంటే పెద్ద ప్రమాదం నకలు తీసినవాళ్ల పొరపాటు: 't' అక్షరానికి అడ్డగీత సరిగా పడకపోతే 'కోల్టన్' అవుతుంది. కోల్టన్, క్యాటన్ నిజంగానే వేరే ఇంటిపేర్లు కాబట్టి తప్పు ఎవరికీ అనుమానం రాదు. వెతికేటప్పుడు అచ్చుల స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టండి. దొరికిన ప్రతిదానికీ అసలు పేజీ బొమ్మ తెరిచి చూడండి.

అపోహ: ప్రతి ఇంటిపేరుకీ ఒక వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉంటుంది.

ఫ్రేము కట్టి అమ్మే దుకాణాల మాట అది. ఇంగ్లండ్‌లో చిహ్నం వ్యక్తికి ఇస్తారు, అతని వారసులకి చెల్లుతుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన హక్కు రాదు.

అపోహ: ఇంటిపేరు టైపు చేస్తే వంశం బయటపడుతుంది.

పైనుంచి దిగడం కాదు, కిందినుంచి ఎక్కాలి. 1837 జులై 1 నుంచి జనన, వివాహ, మరణ నమోదు ఉంది; 2021 దాకా పెళ్లి పత్రంలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులే రాసేవారు. జనాభా లెక్కల్లో పుట్టిన ఊరు మొదటిసారి 1851లో అడిగారు. 1841లో 15 దాటినవాళ్ల వయసును చాలాచోట్ల దిగువ అయిదుకి తగ్గించి రాశారు, 39 అయితే 35. దీన్ని పట్టించుకోక పుట్టిన సంవత్సరం తప్పుగా కట్టేవాళ్లే ఎక్కువ. అంతకు ముందైతే 1538 నుంచి మొదలైన చర్చి రిజిస్టర్లు. వీటిలో ఇంకో మెలిక ఉంది: 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. 1701 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1702. జూన్ 1701లో పెళ్లి, ఫిబ్రవరి 1701లో బిడ్డ అని చూసి కంగారు పడక్కర్లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, పెళ్లాడి, కన్నుమూసిన ఇంగ్లీషువాళ్ల చర్చి నమోదులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరసలో ఉన్నాయి. బెంగాల్ ఎన్/1, బొంబాయి ఎన్/3. విశాఖ, మచిలీపట్నం, కాకినాడల్లో పాత సమాధిరాళ్ల మీద కనిపించే పేర్ల ఆరా ఎన్/2లో మొదలుపెట్టాలి.